నీళ్ళడగని తోట

మొక్కలకు రోజూ నీళ్ళు పోసేవాళ్ళంతా వాటిని గారాబంతో చెడగొడుతున్నవాళ్ళే. ఈ మాట ఉత్తినే అనడం లేదు. పన్నెండేళ్ళపాటు సాయంత్రాలు పైపు పట్టుకుని బురదలో నిలబడ్డ అనుభవంతో అంటున్నాను.

మా పెరట్లో మా ఆవిడ గులాబీలు పెంచేది. అవి మొక్కలా? కొత్త అల్లుళ్ళు! ఒక్కపూట మర్యాద తగ్గితే మొహాలు వేలాడేసేవి. కిందటి వేసవిలో కుళాయి రోజు విడిచి రోజు రావడం మొదలయ్యాక సగానికి సగం మాడిపోయాయి. నేను పైకి విచారించి, లోపల ఊపిరి పీల్చుకుని, నర్సరీకి వెళ్ళాను.

నర్సరీ ఆయన నన్నో మూలకు తీసుకెళ్ళి వెండి రంగు ఆకుల మొక్కలు చూపించాడు. ఆకుల మీద తెల్లటి నూగు. అది ఎండను తిప్పికొడుతుందట. ఏళ్ళ తరబడి బతుకుతాయట.

"వేళ్ళూనుకున్నాక వీటిని పట్టించుకోకండి సార్. నీళ్ళెక్కువైతేనే చస్తాయి" అన్నాడు.

పట్టించుకోకపోవడంలో నాకున్న ప్రతిభ ఆయనకెలా తెలిసిందో! ఇంటికొచ్చి మా ఆవిడకు విషయం చెప్పాను. ఆవిడ ఎండిన కొమ్మల వంక కాసేపు చూసి, "మీ ఇష్టం. పోసేది మీరేగా" అంది. దాన్ని నేను అంగీకారం కింద జమకట్టుకున్నాను.

ఒక్క ఆదివారంలో గులాబీలు పీకేసి, మట్టిలో ఇసుకా గులకరాళ్ళూ కలిపి, పద్నాలుగు వెండి మొక్కలు నాటాను. నెల తిరిగేసరికి పైపు చుట్టేశాను. మొక్కలు ఏపుగా ఎదిగాయి. ఆఫీసులో నీటి పొదుపు మీద ఉపన్యాసాలిచ్చాను. మా బావమరిది వచ్చి చూసి, "బూడిద చల్లినట్టుంది బావా" అన్నాడు. వాడికి కళాదృష్టి తక్కువ.

ఇక సాయంత్రాలన్నీ నావే. పడక్కుర్చీ, సెల్‌ఫోను. ఏ సముద్రంలో ఏ ఓడ మునిగిందో క్షణాల్లో తెలిసేది. ఇంతటి జ్ఞానం గులాబీలు పెంచేవాడికి దక్కుతుందా?

అలా ఉండగా ఒకరోజు పక్కింటి బస్సు డ్రైవరు గోడ మీంచి పలకరించాడు.

"వదినగారి మోకాలు ఎలా ఉందండీ?"

"ఏ మోకాలు?" అన్నాను.

ఆయన కంగారుపడ్డాడు. "కుడిదేనండీ. ఎక్స్‌రే తీయించారుగా, మా ఆవిడ తోడెళ్ళింది..."

లోపలికి వెళ్ళాను. మా ఆవిడ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. కుడికాలు చాపుకుని ఉంది. అలా చాపుకుని ఎన్నాళ్ళయిందో నేను చెప్పలేను. నాకు చెప్పలేదేమని అడిగాను.

"ఎప్పుడు చెప్పను? ఇదివరకు మీరు నీళ్ళు పోసేటప్పుడు చెప్పేదాన్ని" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడి గెలిచే అవకాశం ఉండేది.

అయినా నా సిద్ధాంతం నుంచి నేను అంగుళం కూడా కదల్లేదని పాఠకులు గమనించాలి. వెండి ఆకుల మొక్కలను మించినవి లేవు. కాకపోతే వానలు పడి కుళాయి మళ్ళీ రోజూ వస్తోంది కదా అని, పన్నెండు రోజులుగా సాయంత్రం వాటికి కాస్త నీళ్ళు పోస్తున్నాను. కాస్తంటే, ఓ గంటసేపు. మా ఆవిడ స్టూలు వేసుకుని పక్కన కూర్చుంటుంది. మూడో రోజు, నేను నాలుగో మొక్క దగ్గరున్నప్పుడు, డాక్టరు మెట్లెక్కొద్దన్నాడని చెప్పింది. మర్నాడు పడకలు కింది గదిలోకి మార్చాం.

నిన్నటికి మూడు మొక్కలు వేరు కుళ్ళి వాలిపోయాయి.

"ఇలా పోస్తే అన్నీ చస్తాయండీ" అంది ఆవిడ, చెబుతున్న కబురు మధ్యలో ఆపి.

"చావనీ. ఆ తర్వాత ఏమైంది, చెప్పు" అన్నాను.