ఎనిమిదో ప్రాణి

ఆ రోజు ఫిల్మ్ నగర్‌లోని ఆ ఇంట్లో ఉన్నవారు: నిర్మాత వీరరాఘవయ్య గారు, ఆయన శ్రీమతి సీతామహాలక్ష్మి గారు, త్వరలో హీరో కాబోతున్న సుపుత్రుడు రిత్విక్, కథ వినిపించడానికి వచ్చిన దర్శకుడు సాయిశ్రీనివాస్, సిద్ధాంతి గారు, వంట చేసే కొమురమ్మ, కుక్క చంటి, వేసవి సెలవులకు భీమవరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మేనకోడలు భావన. వెరసి ఎనిమిది ప్రాణాలు.

ఎనిమిది శనిసంఖ్య అని సిద్ధాంతి గారు కళ్లు మూసుకుని ప్రకటించారు. అంతమంది మధ్య విన్న కథ మొదటి ఆటకే చాప చుట్టేస్తుందట. ఒకరు తగ్గాలి. చంటిని తగ్గించడం కుదరదు; కిందటి సినిమా కథ విన్నప్పుడు సోఫా మీద పడుకున్నది అదే, ఆ సినిమా ఆడింది. కొమురమ్మ వెళితే కాఫీలు ఆగిపోతాయి. తాను వెళితే లెక్క ఎవరు చూస్తారని సిద్ధాంతి గారే అడిగారు. కాబట్టి పరిశ్రమ కోసం త్యాగం చేసే భాగ్యం భావనకు దక్కింది.

అసలు ఆ పిల్ల వచ్చిందే కథ వినడానికి. చార్మినార్ చూపించక్కర్లేదు, కథ చెప్పేటప్పుడు ఓ మూల కూర్చోనిస్తే చాలని ఫోన్‌లోనే బతిమాలుకుంది. మామయ్య సరేనన్నారు కూడా.

“మంచి హోటల్లో భోంచేసి రామ్మా. నువ్వూ సినిమాకి సాయం చేసినట్టే,” అన్నారాయన ఇప్పుడు.

డ్రైవరు జంగయ్య ఆమెను జూబ్లీ హిల్స్‌లో ఒక హోటల్ ముందు దింపాడు. చాలా ప్రశాంతమైన హోటల్. ధరలు చూశాక ఎవరికీ మాట రాదు. ఈ ప్రాంతంలో ఒంటరిగా తినేవారు రెండు రకాలు: జనం మీద పడతారని భయపడే తారలు, జనం పట్టించుకోవడం మానేసిన తారలు. భావన ఏ రకమో తేలక, వెయిటర్ నర్సింహ ముందుజాగ్రత్తగా కిటికీ తెర లాగేశాడు.

“ఫికర్ చెయ్యకున్రి మేడమ్, గీడ ఎవ్వరు ఫొటోలు తియ్యరు.”

“నాకు పెరుగన్నం చాలండి.”

“డైటింగా? సమజైంది మేడమ్.”

బండిచక్రమంత పళ్లెంలో గుప్పెడు అన్నం వచ్చింది. ఎదురుగా ఖాళీ కుర్చీలు. ఈపాటికి కథలో హీరో వచ్చేసి ఉంటాడా, మొదటి పాట అయిపోయిందా అనుకుంటూ ఆమె గబగబా మింగేసింది.

“గింత జల్ది తిన్నవా బిడ్డా?” అన్నాడు జంగయ్య.

“సగం కథైనా అందుతుందేమో బాబాయ్, తొందరగా పోనియ్యి.”

ఆమె తలుపు తోసేసరికి దర్శకుడు నిలబడి ఊగిపోతున్నాడు.

“భోజనాల సీనండీ! ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. ఆఖరి చెల్లెలు ఒక్కతే లేదు. హీరో ముద్ద వదిలేసి లేచి, ‘నా ఇంట్లో ఒక్క మనిషి తక్కువైనా ఈ చెయ్యి నోటిదాకా రాదు!’ అంటాడండీ!”

వీరరాఘవయ్య గారు బావురుమన్నారు. రిత్విక్ ముక్కు చీదాడు. రేపు థియేటర్లో మీరూ ఏడుస్తారు, అందులో సందేహం లేదు. సీతామహాలక్ష్మి గారు కొంగుతో కళ్లొత్తుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చారు.

“అప్పుడే వచ్చేశావేంటే? అబ్బ, ఏం కుటుంబమే తల్లీ, ఏడుపు ఆగట్లేదు! కాసేపు బయటే ఉండమ్మా, మంచి సీను చెడిపోతుంది,” అని ముద్దుగా బుగ్గ నిమిరి, తలుపు వేసేశారు.