యాభై అయిదు నిమిషాల దూరం

విమానం ఆలస్యం కావడమంత గొప్ప వరం ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! కౌంటర్ దగ్గర గొంతు చించుకునే మీరంతా అజ్ఞానులు.

మా ఊరికీ, మా అక్క ఉండే ఊరికీ మధ్య విమానంలో యాభై అయిదు నిమిషాలు. టికెట్ మీద అలాగే రాసి ఉంటుంది. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు గంటన్నర. అక్కడ రెండు గంటల ముందే ఉండాలట. ఎందుకు? బెల్టు విప్పడానికి, మళ్లీ పెట్టుకోవడానికి! బూట్లు విప్పమన్న చోట ఒక పెద్దమనిషి చిరిగిన సాక్సు కనబడకుండా ఒంటికాలి మీద తపస్సు చేస్తుంటాడు. ఆయనెవరో చెప్పను. దిగాక పెట్టె కోసం పడిగాపులు, ఆపైన ట్రాఫిక్. గంట ఎగరడానికి ఆరేడు గంటలు నేల మీదే! ఇంతకంటే క్షేమమైన ప్రయాణం ఎక్కడైనా ఉందా?

పూర్వం రైల్లో పద్నాలుగు గంటలు పట్టేది. అంత దూరం వచ్చినవాణ్ణి మర్నాడే పంపుతారా? వారం ఉండక తప్పేది కాదు. నాకు మంచం ఇచ్చి బావగారు నేల మీద పడుకునేవారు. పాపం, నడుము పట్టేసేది. ఇప్పుడు ఆయన నడుముకు ఏ ఢోకా లేదు. "గంటే కదరా, ఎప్పుడైనా రావచ్చు" అంటుంది అక్క. "గంటే కదక్కా" అంటాను నేను. ఆ ధైర్యంతోనే మూడేళ్లుగా వెళ్లలేదు. చూశారా, ఎంత సౌకర్యం!

పోయిన నెల ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్లాను. సాయంత్రమే తిరుగు విమానం. ఇంటికి వెళ్లే తీరిక లేదంటే, అక్కే ఎయిర్‌పోర్టు గుమ్మం దాకా వస్తానంది. మంత్రిగారిలాగా పది నిమిషాలు కేటాయించాను.

అక్క టాక్సీ దిగి కుంటుకుంటూ వచ్చింది. అప్పుడే ఫోన్‌కు మెసేజ్: విమానం మూడు గంటలు ఆలస్యం. చుట్టూ జనం శాపనార్థాలు మొదలుపెట్టారు. మేమిద్దరం బయట ఇనుప బెంచీ మీద కూర్చున్నాం.

"ఆ కుంటడమేంటక్కా?"

"మోకాలికి ఆపరేషన్ అయిందిలే."

"ఎప్పుడు?"

"నిరుడు. నెల రోజులు మంచం మీదే ఉన్నా. మీ బావ వంట తిని కూడా బతికి బయటపడ్డా, అదీ గొప్ప!"

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"గంటలో వచ్చేవాడివే కదా! మరీ అవసరమైతే పిలుద్దాంలే అనుకున్నా."

లోకంలో ప్రతి విషయం మీదా వ్యాసం రాసేవాణ్ణి, అక్క మోకాలి సంగతి నాకు తెలియదు. సిగ్గేసింది. ఆ తర్వాత మూడు గంటలూ అక్క చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. మధ్యలో బావగారి వంట గురించి ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం.

ఫోన్ మళ్లీ మోగింది. ఇక లోపలికి రమ్మంటున్నారు. జనమంతా హమ్మయ్య అనుకున్నారు.

"అప్పుడేనా? ఈ విమానానికేం తొందరొచ్చిందిరా?" అంది అక్క.

అయ్యా విమానాల వారూ, మీకో విన్నపం. మా రెండు ఊళ్లనూ కాస్త దూరంగా జరిపించండి. అప్పుడు అక్క నాకు ముందే కబురు పెడుతుంది, నేను ఆ రోజే బయలుదేరతాను.