నాలుగో నంబరు పెరుగు

ఇకమీదట మార్కాపురంలో ఎవరూ గుడ్డిగా పెరుగు తినరాదని గోవర్ధన్ గారు ప్రకటించారు.

"ఏళ్ళ తరబడి పెరుగు తింటున్నాం. ఎందుకు తింటున్నాం? చివర్లో వడ్డిస్తారు గనక తింటున్నాం! అందులో ప్రోటీన్ ఎంత, ఫ్యాట్ ఎంత, షుగర్ ఎంత అని ఒక్కడన్నా అడిగినాడా?" అని మైకులో నిలదీశారు. ముందు వరసలోని పెద్దలు తప్పు చేసినవాళ్ళలా తలలు దించుకున్నారు. వాళ్ళలో సగం మంది అప్పుడే పెరుగన్నం తిని వచ్చినవాళ్ళే.

గోవర్ధన్ గారు రాష్ట్ర పౌష్టిక పెరుగు ప్రోత్సాహక మండలికి చైర్మన్. అసలు అలాంటి మండలి ఎందుకని అడిగే సంస్కారహీనులు మా ఊళ్ళోనూ ఉన్నారు. ఎన్నికల్లో టికెట్ దక్కక గోవర్ధన్ గారు అలిగారు. ఫోన్ ఎత్తడం మానేశారు. అంతటి మనిషిని అలా వదిలేయడం పార్టీకి భావ్యమా? వెతికి చూస్తే అన్నిటికీ చైర్మన్లు ఉన్నారు, ఒక్క పెరుగుకే లేరు. మండలి అలా తోడుకుంది.

నేను మాల్యాద్రిని. పొదిలి రోడ్డులో టెంట్ హౌస్ నడుపుతాను. షామియానా, కుర్చీలు, మైకు, అన్నీ నావే. ఏ పార్టీ నాయకుడైనా మా ఊళ్ళో నా షామియానా కిందే దేశాన్ని ఉద్ధరించాలి. చాలా ఉద్ధరణలు చూశాను గానీ, పెరుగును ఉద్ధరించడం చూడటం అదే మొదలు.

పథకం చాలా శాస్త్రీయమైనది. పోషకాలూ రుచీ రెండూ చూసి ఒకే ఒక్క ఆరోగ్యకరమైన పెరుగును పోటీ పెట్టి ఎంపిక చేస్తారు. గెలిచిన పెరుగును ముందుగా మా ఊరి ఆడపిల్లల హాస్టల్లో వడ్డిస్తారు. అప్పటిదాకా ఆ హాస్టలుకు పెరుగు పోస్తున్నది శ్రీశైలమ్మ. తర్లుపాడు వైపు పల్లె ఆమెది. ఉన్నవి రెండు బర్రెలు, రెండోది హాస్టలును నమ్ముకుని కొన్నది. రోజూ పొద్దున్నే ఆటోలో కుండలు దింపి పోతుంది. ఆ పిల్లలు కూర ఎలా ఉన్నా నోరెత్తరు, పెరుగు కోసమే పంక్తిలో కూర్చుంటారు.

మీటింగు అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మాల్యాద్రన్నా, ఏందో పోటీ అంట. నన్నుగూడ రమ్మన్నారు. ఏం తేవాల?"

"పెరుగే తీసుకురామ్మా."

"అది రోజూ తెచ్చేదే గద! పోటీకి ఏం తేవాలని అడుగుతున్నా."

నేను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగాను.

"ఈ హాస్టలు పోతే ఒక బర్రెను అమ్ముకోవాలన్నా. అది నా తిప్పలు, నేను పడతా. ఆ పిలకాయలు మాత్రం పెరుగు లేకుండ ముద్ద మింగరు" అంది.

పోటీ మార్చి నెలాఖరులో హాస్టలు ఆవరణలోనే పెట్టారు. మండలి తరఫున పౌష్టికాహార సలహాదారు తనూజ మేడం పొద్దున్నే వచ్చేశారు. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, కళ్ళలో నిద్ర. నేను పరిచిన తెల్లగుడ్డ బల్ల మీద పెరుగులను వరసగా పెట్టించి స్టిక్కర్లు అంటించారు.

ఒకటో నంబరు స్ట్రాబెర్రీ యోగర్ట్. గులాబీ రంగు. అందులో పాలకన్నా పంచదారే ఎక్కువని మేడమే చెప్పారు. అయితే కప్పు మీద పరుగెత్తే అమ్మాయి బొమ్మ ఉండటంతో ఆరోగ్యానికి మార్కులు వేయక తప్పలేదు. మూడో నంబరు జీరో ఫ్యాట్ గ్రీక్ యోగర్ట్. పేరు గ్రీసుదీ, చిరునామా హైదరాబాదుదీ. ఐసుపెట్టెలో వచ్చింది.

మధ్యలో రెండో నంబరు, శ్రీశైలమ్మ కుండ. మేడం చెంచాతో మీగడ ఎత్తి చూసి, "ఫ్యాట్" అని ట్యాబ్‌లో కొట్టారు.

"అది మీగడ తల్లీ" అంది శ్రీశైలమ్మ.

"అదేనమ్మా. మైనస్. లేబుల్ ఏదీ?"

"కుండకు లేబులేంది?"

"లేబుల్ లేకపోతే ఇందులో పోషకాలు ఉన్నట్టు ఆధారం లేదు."

"ఒక ముద్ద తిని చూడరాదూ?"

"ముందుగా రుచి చూడాల్సింది చైర్మన్ గారమ్మా. ప్రోటోకాల్" అన్నారు మేడం నొచ్చుకుంటూ.

ఆ ప్రోటోకాల్ ప్రకారమే తొమ్మిదింటికి మూతలన్నీ తీసి పెట్టారు. తీసిన మూత మళ్ళీ పెట్టకూడదట. తొమ్మిదికి రావాల్సిన చైర్మన్ గారు పదకొండుకూ రాలేదు, పన్నెండుకూ రాలేదు. మా ఎండ సంగతి తెలిసిందే కదా. స్ట్రాబెర్రీ కరిగి గులాబీ నీళ్ళయింది. గ్రీసు పెరుగు బుడగలు కక్కింది. శ్రీశైలమ్మ పెరుగు పులిసి తేట పైకి తేలింది. పాపం, ఆమె కొంగుతో కుండకు గాలి విసురుతూ నిలబడింది.

అప్పుడు వచ్చాడు మహేష్. పార్టీకి ఇరవై ఏళ్ళుగా గోడ పోస్టర్లు అంటిస్తున్నవాడు. ఏదన్నా చిన్న పదవి ఇవ్వకపోతారా అని అంటిస్తూనే ఉన్నాడు. ప్రహరీ గోడకు చైర్మన్ గారి పోస్టర్లు అంటించి, మిగిలిన మైదా బంకను స్టీలు గిన్నెలో పట్టుకొస్తున్నాడు. అంతలో కార్లు హారన్లు కొట్టుకుంటూ వచ్చాయి. దండ పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. గిన్నె ఆ బల్ల చివర పెట్టేసి పరుగెత్తాడు.

స్టిక్కర్ లేని గిన్నె కనబడేసరికి మేడం కంగారుపడి నాలుగో నంబరు అంటించారు. తెల్లగా, నున్నగా, కదలకుండా ఉంది. మిగతా మూడింటి మీదా ఈగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి. దీని మీద ఒకటే వాలింది. అది మళ్ళీ లేవలేదు.

షామియానా వెనక నీళ్ళు తాగుతున్న చైర్మన్ గారి డ్రైవరు నాతో గుసగుసగా అన్నాడు. "పొద్దున పన్ను పీకినారన్నా. సూదులు పొడిసినారు. నోరంతా చెక్క. దారిలో టీ తాగి, కాలుతుందా లేదా అని నన్ను అడిగినాడు."

"మరి రుచి ఎట్లా చూస్తాడు?"

"చూడగలడన్నా. చైర్మన్ గద."

చూశారు. ఒకటో నంబరు చెంచాడు నోట్లో వేసుకుని "ఊఁ" అన్నారు. రెండో దాంట్లో తేట చూసి "నీళ్ళు" అన్నారు. మూడోది కూడా "ఊఁ". నాలుగో గిన్నెలో చెంచా గుచ్చి చెయ్యి వదిలారు. చెంచా నిలబడింది! జనం చప్పట్లు కొట్టారు. ఇక దాన్ని పెకిలించి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, కళ్ళు మూసుకున్నారు.

"పులుపు లేదు. వాసన లేదు. జారడం లేదు. ఇట్లాంటి పెరుగు నా జీవితంలో తినలేదు" అన్నారు. ఆయన ఆ రోజు పలికిన ఏకైక సత్యం అదే.

తర్వాత తనూజ మేడం రుచి చూశారు. నోరు మూశాక తెరవడానికి కొంత సమయం పట్టింది. "టెక్స్చర్ అద్భుతం సార్. ఫ్యాట్ లేదు, యాడెడ్ షుగర్ లేదు" అని పదికి పది వేశారు. హాస్టల్ వార్డెన్ అనంతలక్ష్మి గారు తిన్నారు. ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు తాగి, "పిల్లలకు చాలాసేపు ఆకలెయ్యదు సార్" అన్నారు. పదికి పది.

"ఎవరిదయ్యా ఈ పెరుగు?" అన్నారు చైర్మన్ గారు.

మహేష్ ముఖం పాలిపోయింది. "నాదే సార్. కానీ అది..."

"నీదా! ఇన్నాళ్ళూ మన పోస్టర్లు అంటించుకుంటా ఇంత ప్రతిభ దాచుకున్నావా?" అంటూ తన మెడలోని దండ తీసి వాడి మెడలో వేశారు. ఆ దండ మెడలో పడగానే ఇరవై ఏళ్ళ నిరీక్షణ ముందు ఒక 'కానీ' ఎంతటిదనిపించిందో ఏమో, మహేష్ దాన్ని మింగేశాడు. ఆ గిన్నెలోది మింగడం కంటే అది సులువే.

శ్రీశైలమ్మ ముందుకొచ్చి గిన్నెలో వేలు ముంచి నాకింది. "ఇది మైదా బంక గద నాయనా! పోస్టర్లకు పూసేది!"

అందరూ చైర్మన్ గారిని చూశారు. ఆయన మేడంను చూశారు. "పోటీలో పాల్గొన్నవాళ్ళ అభ్యంతరాలు పరిగణించరాదని రూల్ ఉంది సార్" అన్నారు మేడం.

"ఓటమిని తట్టుకోవడం నేర్చుకోవాల తల్లీ" అన్నారు చైర్మన్ గారు ఎంతో దయగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు నా చేతిలోనే ఉంది. నేను దాని సౌండు సరిచేశాను.

ఆ వారంలోనే మహేష్ యూనిట్ పెట్టాడు. పాలతో పని లేని పెరుగు గనక పెట్టుబడి కూడా తక్కువే. హాస్టలుకు డబ్బాలు రాసాగాయి. డబ్బా మీద లేబుల్ ఉంది, లేబుల్ మీద పరుగెత్తే అమ్మాయి కూడా ఉంది. పిల్లలు మొదటి రోజు ఒక్క ముద్దకే పళ్ళేలు పక్కన పెట్టారు. ఆ తర్వాత అన్నంలో ఉప్పునీళ్ళు పోసుకుని లేస్తున్నారని వంటమనిషి నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. తనూజ మేడం తనిఖీకి వచ్చి, వృథా సున్నా అని రిపోర్టు రాశారు. అది నిజమే. హాస్టల్లో అట్ట వెయ్యని పుస్తకం లేదు. పగిలిన కిటికీలన్నిటికీ కాగితాలు గట్టిగా అంటుకుని ఉన్నాయి. శ్రీశైలమ్మ ఒక బర్రెను అమ్మేసింది.

పథకం విజయవంతమైన సందర్భంగా చైర్మన్ గారు పిల్లలతో కలిసి భోజనం చేస్తారని ప్రకటన వచ్చింది. మళ్ళీ నా షామియానాయే. శ్రీశైలమ్మ గేటు దగ్గర కుండ పట్టుకుని నిలబడి ఉంది. పోటీనాటి పన్ను సంగతి ఆమెకు నేనే చెప్పి ఉన్నాను.

"ఆయన పన్ను నొప్పి మానినట్టుంది గద అన్నా? ఈ తూరి నోటికి రుచి తెలుస్తాది. ఒక్క ముద్ద తింటే చాలు, ఆయనే మార్చేస్తాడు" అంది ఆశగా. నాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, ఆ మనిషి మీద ఆశ పెట్టుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

పంక్తి సాగింది. టీవీ కెమెరాలు ముందుకు జరిగాయి. నాలుగో నంబరు కలిపిన ముద్ద చైర్మన్ గారి నోట్లోకి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆయన ముఖం మారింది. మహేష్‌ను చూశారు, మేడంను చూశారు, వార్డెన్‌ను చూశారు. ముగ్గురూ తమ విస్తళ్ళను చూసుకుంటున్నారు. పిల్లలు మాత్రం ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తున్నారు.

"ఎట్లా ఉంది సార్?" అన్నాడు టీవీ అతను.

చైర్మన్ గారి గొంతు కిందికీ పైకీ ఆడింది.

"అమోఘం" అన్నారు.

పంక్తి మధ్యలోంచి పదో తరగతి పిల్ల సింధూజ లేచింది. తన పళ్ళెం తీసుకుని నేరుగా ఆయన ముందుకొచ్చింది. "సార్, మీకు ఇదంటే శానా ఇష్టమని పేపర్లో చదివినాం. నాది గూడ మీరే తినండి" అని పళ్ళెం వంచింది. పెరుగు తొందరపడకుండా ఒకే ముద్దగా ఆయన విస్తట్లోకి దిగింది.

ఆ వెనక ఇంకో పిల్ల లేచింది. ఆమె వెనక ఇంకొకతె. వార్డెన్ కూర్చోమని సైగ చేశారు, టీవీ అతను కానివ్వమని సైగ చేశాడు. పిల్లలు టీవీ అతని మాటే విన్నారు. "నాది గూడ సార్", "నాది గూడ తినండి సార్" అంటూ బారులు తీరి ఒక్కొక్కరే పెట్టి, దండం పెట్టి పోయారు. కెమెరా నడుస్తున్నంతసేపూ ఆయన తింటూనే ఉన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు పేపర్లో దాన్ని వాత్సల్యం అని రాశారు.

చివరికి బల్ల పట్టుకుని లేచి మైకు అడిగారు. నేనే అందించాను.

"తమ నోటి దగ్గరి పెరుగు నాకు పెట్టి ఈ బిడ్డలు ఈ పూట పస్తున్నారు. నా మనసు కరిగింది. అందుకని రేపటి నుంచి ఒక్కో బిడ్డకు రెండు గరిటెలు! గిద్దలూరు, యర్రగొండపాలెం హాస్టళ్ళక్కూడా ఇదే పెరుగు!"

మహేష్ చప్పట్లు కొట్టాడు. వార్డెన్ కొట్టారు. పిల్లలు కొట్టలేదు. సింధూజ తన పళ్ళెంలో మిగిలిన వట్టి అన్నాన్ని వేళ్ళతో కెలుకుతూ కూర్చుంది.

చైర్మన్ గారి కారు గేటు దాకా వెళ్ళి ఆగింది. అద్దం కొద్దిగా దిగింది. డ్రైవరు దిగి, శ్రీశైలమ్మ చేతిలోని కుండ తీసుకుని లోపలికి అందించాడు. అద్దం మళ్ళీ లేచింది. నేను మైకు వైరు చుట్టుకుంటూ అక్కడికి చేరేసరికి ఆమె కారు పక్కనే చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది.

చాలాసేపటికి అద్దం దిగి కుండ బయటికొచ్చింది. అడుగున చుక్క లేదు, అంచు కూడా నాకినట్టుంది.

"పిలకాయలకు రేపటి నుంచి ఇది తెమ్మంటావా సారూ?" అంది శ్రీశైలమ్మ.

చైర్మన్ గారు మీసాలకు అంటిన మీగడ తుడుచుకున్నారు.

"నాలుగో నంబరుకు ఇది సాటి రాదమ్మా" అన్నారు. "ఇంకో కుండ ఉందా?"