తోస్తేనే కదిలే కారు

మా వీధి సంపూర్ణ ఆధునిక వీధిగా మారిందని ప్రకటించడానికి ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి. బోర్డు రాయించాం, రిబ్బను కొన్నాం, దాన్ని కత్తిరించడానికి టైలర్ బాబాయి దగ్గర కత్తెర అరువు తెచ్చాం. ఇక మిగిలిన అడ్డంకల్లా ఒక్కటే. అది కూడా బాబాయిదే. ఆయన కారు.

ఆ కారుకు నలభై రెండేళ్లు. ఎడమవైపు తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది, కుడివైపు తిప్పితే ఎంత నొక్కినా మోగదు. డ్రైవరు తలుపు లోపలినుంచి తెరుచుకోదు కాబట్టి బాబాయి అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, పరాయివాడిలా తన తలుపు తానే తీసుకుని దిగుతాడు. వైపర్ మోటారు పోయి పదకొండేళ్లయింది. అప్పటినుంచి పైజామా బొందు ఒకటి కట్టి, ఒక కొస తాను, ఒక కొస పక్క సీట్లో పిన్ని లాగుతారు. వాళ్లిద్దరూ అలిగిన రోజున వాన పడితే ప్రయాణం వాయిదా.

యాక్సిలరేటర్ తీగ తెగితే ఆయన జీన్స్ కుట్టే దారం ఎనిమిది పేటలు వేసి బిగించాడు. చోక్ పిడి ఊడితే ఓవర్‌కోటు గుండీ పెట్టాడు. "ఇందులో బ్రహ్మవిద్య ఏముందిరా? చిరిగింది, కుట్టాను" అంటాడు.

స్టార్టు కావాలంటే మాత్రం తోయాలి. పొద్దున ఎనిమిదింటికి వీధి వీధంతా వచ్చి తోస్తుంది. ఎవరి చోటు వారిదే. కుడి బ్రేకు లైటు మాది. మా నాన్న తోసిన చోటే నేనూ తోస్తున్నాను. ఎడమ లైటు పళ్ల డాక్టరుగారిది. నడిమధ్య స్థానం, హోదాను బట్టి, వీధి సంఘం అధ్యక్షులవారిది.

ఈ కారు మీద బాబాయికి ఇంత మమకారం ఎందుకంటే, పిన్ని మోకాళ్లు అరిగిపోయాయి. ఆవిడ ఎత్తు, నడుము, కాళ్లు టేపుతో కొలిచి, ఆ కొలతలకు కోటు కుట్టినట్టు సీటు కుట్టాడు. ఇంకే కారులోనూ ఆవిడ కూర్చోలేదు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లేది అందులోనే. అది లేకపోతే ఆవిడ గుమ్మం దాటే మాటే లేదు. ఇదంతా మాకు బాగా తెలుసు.

మా కార్ల సంగతి వేరు. వాటి బానెట్లు మాకు తెరుచుకోవు. పోయిన నెలలో నా కారు నా సీటు బెల్టు మీద అనుమానపడి మూడు రోజులు గేటు ముందే నిలబడిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే, "అది నేర్చుకుంటోంది సార్" అన్నారు. ఎంతో గర్వపడి ఆటోలో ఆఫీసుకు వెళ్లాను.

సంఘం సమావేశంలో అధ్యక్షులవారు చరిత్రాత్మక ప్రసంగం చేశారు. "సోదర సోదరీమణులారా! యజమాని తన సొంత చేతులతో బాగుచేసుకోగలిగే వస్తువు వెనుకబాటుతనానికి గుర్తు. మన కార్లు ఎవ్వరూ బాగుచేయలేని స్థాయికి ఎదిగాయి. మనం కూడా ఆ స్థాయికి ఎదగాలి!" కరతాళధ్వనులు మిన్నంటాయి. కారును తొలగించాలన్న అర్జీ మీద అందరం సంతకాలు చేశాం. నా వంతు వచ్చేసరికి పెన్ను రాయలేదు. పక్కనే కూర్చున్న బాబాయి రీఫిల్ బయటికి తీసి, అరచేతుల మధ్య రుద్ది, రాసేలా చేసి ఇచ్చాడు. "నా కారు గురించేగా, కానీ" అన్నాడు.

తనిఖీ అధికారి పరికరంతో వచ్చి, దాని తీగ గుచ్చడానికి కారు చుట్టూ గంటసేపు చోటు వెతికారు.

"దీని కంప్యూటర్ ఎక్కడుందండీ?"

"నేనేనండీ" అన్నాడు బాబాయి.

"మరి లోపం వస్తే ఎలా తెలుస్తుంది?"

"మా ఆవిడ చెబుతుందండీ."

"నిన్నటినుంచి ఎడమ చక్రం మూలుగుతోందయ్యా. కాస్త గ్రీజు పెడితే సరిపోతుంది" అంది పిన్ని సీట్లోంచే.

అధికారి కాగితాన్ని ఆ కారు మీదే పెట్టుకుని, "సదరు వాహనం ఉన్నట్లు పరికరం ధ్రువీకరించలేదు" అని రాశారు. లేని ఆ వాహనాన్ని శుక్రవారం సాయంత్రంలోగా తుక్కు యార్డులో నలగగొట్టాలని ఉత్తర్వు వచ్చింది.

శుక్రవారం వాన. కారును ఎత్తుకుపోవడానికి సరికొత్త లారీ వచ్చి, సరిగ్గా బాబాయి ఇంటి ముందు ఆగిపోయింది. తెర మీద "సేవా కేంద్రాన్ని సంప్రదించండి" అని వచ్చింది. సంప్రదిస్తే నాలుగు రోజులు పడుతుందన్నారు. లారీ డ్రైవరు తల పట్టుకున్నాడు.

"సాయంత్రంలోగా లారీనీ, కారునూ యార్డుకు చేర్చకపోతే నా ఉద్యోగం ఊడుతుందండీ."

బాబాయి లారీనీ చూశాడు, తన కారునూ చూశాడు. "నీ ఉద్యోగం ఎందుకు పోవాలయ్యా? తాడు పట్రా" అన్నాడు.

అలా, తనను తీసుకుపోవడానికి వచ్చిన లారీని తానే లాక్కుంటూ వెళ్లడానికి కారు సిద్ధమైంది. వాన కాబట్టి బొందు రెండో కొస లాగడానికి పిన్ని ఎక్కక తప్పలేదు. ముందు కారు స్టార్టు కావాలి కదా! గొడుగులు పక్కన పడేసి అందరం వచ్చాం. పళ్ల డాక్టరుగారు ఎడమ లైటు దగ్గర, నేను కుడి లైటు దగ్గర, అధ్యక్షులవారు నడిమధ్యన. తోశాం. రెండో తోపుకే ఇంజను అందుకుంది. లారీకి తాడు కట్టారు. వీధి చివర ఎడమవైపు తిరుగుతూ కారు హారన్ మోగించింది.

పిన్ని తిరిగి ఎలా రావాలో ఉత్తర్వులో రాయలేదు. నా కారు తీసుకుని వెళ్దామనుకున్నాను. వాన తగ్గేదాకా కదలలేనని అది తెర మీద చూపించింది. చీకటి పడే వేళకు బాబాయి భుజం పట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతూ, పిన్ని నడిచి వచ్చింది. ఆయన చంకలో ఆ సీటు ఉంది. ఇప్పుడది కిటికీ దగ్గర వేసి ఉంది, ఆవిడ అందులోనే ఉంటుంది.

మర్నాడు రిబ్బను కత్తిరించాం. పాత కారును ప్రభుత్వం పొట్టన పెట్టుకుందని ఇప్పటికీ మా వీధిలో అందరూ తిట్టుకుంటారు, నేనూ తిడతాను. కానీ ఆ రోజు మాలో ఒక్కరు చెయ్యి తీసినా అది స్టార్టయ్యేది కాదు. ఎవరమూ తీయలేదు. చాలా బాగా తోశాం. మీ వీధిలోనూ తోసేవాళ్లకు కొదవ ఉండదనే అనుకుంటాను. మీ చోటు ఎడమ లైటు దగ్గరా, కుడి లైటు దగ్గరా?