నాగప్ప పోయినాడు

గుడియాత్తం లుంగీల సొసైటీలో ఆ పొద్దు ఉదయకుమార్‌కు ఒకటే పని: ఆఫీసు నెట్‌వర్క్ మ్యాపు తీసి మేనేజర్ లోగనాథన్‌కు ఇవ్వడం. గీసేది కంప్యూటరే. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే చిన్న పెట్టె, స్విచ్చు, ప్రతిదీ ముప్పై సెకన్లకోసారి తన పేరు చెప్పి పక్క స్విచ్చును పలకరిస్తుంది. ఆ పలకరింపులు ఏరితే ఎవరి పక్కన ఎవరున్నారో తెలిసిపోతుంది. గుర్తు కోసం ఉదయకుమార్ ఏ స్విచ్చు ఎవరి బల్ల కింద ఉంటే దానికి వాళ్ల పేరే పెట్టాడు.

నూలు గుమాస్తా నాగప్ప రెండు రోజులుగా పనికి రాలేదు. విరించిపురంలో ఒంటరిగా ఉండే ముసలాయన. ఏమైందని ఒక్క పుణ్యాత్ముడూ ఫోన్ చేయలేదు. స్విచ్చులకున్న బుద్ధి మనుషులకెక్కడిది!

పదింటికి మ్యాపులో ఒక గడి మాయమైంది. వెనక గదిలోంచి ఉదయకుమార్ కేకేశాడు. "షాలినీ, నాగప్ప పోయినాడమ్మా!"

టైపిస్టు షాలిని చేతిలో టీ ఒలికింది. "ఎప్పుడన్నా?"

"ఇప్పుడే. పక్కోళ్లు పిలిస్తే పలకలా. పాతోడు, ఎక్కువ దినాలు నిలవడని నాకు ముందే తెలుసు. పడేసి కొత్తోణ్ణి పెట్టుకొందాం."

'రాతి గుండె' అనుకుని ఆమె ఏడుస్తూ మేనేజర్ గదిలోకి పరిగెత్తింది. పావుగంటలో చామంతి దండ వచ్చింది, వ్యాను వచ్చింది. ఆఫీసుకు తాళం వేస్తుంటే ఉదయకుమార్ బయటికొచ్చాడు.

"యాడికి సార్, అందరూ?"

"నాగప్ప పోయినాడప్పా" అన్నాడు లోగనాథన్ కళ్లు తుడుచుకుంటూ.

"ఐయో! ఆయన కూడానా?" అని ఉదయకుమార్ మెట్ల మీదే కూలబడ్డాడు.

నాగప్ప ఇల్లు ఎవరికీ తెలియదు. విరించిపురంలో మూడు వీధులు తిరిగాక పక్కింటి అమరావతి చూపించింది. "పోయినాడా? మాకే తెలీదే, మీకెవురు చెప్పిరి?"

అందరూ షాలినిని చూశారు. షాలిని ఉదయకుమార్‌ను చూసింది.

"నేను చెప్పింది స్విచ్చు గురించమ్మా!"

లోగనాథన్ దండతోనే కొట్టబోయాడు. మిగిలినవాళ్లకు నవ్వాగలేదు.

"ఊరికి పోయినాడేమోలే. మొన్నట్నుంచి సద్దే లేదు" అంది అమరావతి.

ఉదయకుమార్ తలుపు నెట్టి చూశాడు. లోపలి నుంచి గడియ వేసి ఉంది. నవ్వులు ఆగిపోయాయి.

తలుపు పగలగొట్టారు. నాగప్ప స్నానాల గదిలో తుంటి విరిగి పడి ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి. కళ్లు మాత్రం మెల్లగా కదిలి దండ దగ్గర ఆగాయి.

"పావం... ఎవురు పోయినారప్పా?"

లోగనాథన్ దండను వీపు వెనక్కి దాచుకున్నాడు. ఉదయకుమార్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

వేలూరు ఆస్పత్రిలో డాక్టరు, ఈ సాయంత్రం దాటి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. లోగనాథన్ దణ్ణం పెట్టుకుని, మనిషి బతికాడు కాబట్టి ఈ పూటను సంతాపం కింద రాయడానికి వీల్లేదంటూ, అందరికీ అర రోజు సొంత సెలవు వేశాడు.