పుల్ల మీద గీత

పది గంటలకు లారీ వస్తుంది. అప్పటికల్లా అమ్మకానికి పంపాల్సిన మూడు వందల ఇరవై గొర్రెపిల్లల్ని కొండ మీద నుంచి రోడ్డు పక్క దొడ్లోకి దించాలి. వానల్లేక గడ్డి మాడిపోయింది. ఈ లారీ పోతే మూడు వారాల దాకా ఇంకోటి లేదు, అన్నాళ్లు వాటికి పెట్టడానికి నోలీన్ దగ్గర మేత లేదు. అందుకే మందను తోలే నాలుగు చక్రాల క్వాడ్ బైకును ముందు రోజే షెడ్డు ముందు సిద్ధంగా నిలబెట్టింది. అక్కడ వాలు. ఆ పొలంలో ఎక్కడైనా వాలే.

ఏడింటికి మామగారు డెస్మండ్ బైకు ఇంజన్లో ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్ల బయటికి తీసి చూశారు. ఆయిల్ పుల్ల మీది గీతకు కిందే ఉంది. కోడలికి సాయంగా ఉంటుందని అర లీటరు పోశారు. చేసిన సాయం చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. ఏడున్నరకు ఆమె భర్త గ్రాంట్ చూశాడు. ఆయిలంతా వాలుకు ఒక పక్కకు చేరడంతో పుల్లకు ఇంకా సరిగ్గా అంటలేదు. అతనూ అర లీటరు పోసి ఊరుకున్నాడు, ఎంతైనా ఆ తండ్రి కొడుకే. ఎనిమిదింటికి నోలీన్ చూసింది. ఈ ఇంట్లో తను పట్టించుకుంటే తప్ప ఏ పనీ జరగదని విసుక్కుంటూ మరో అర లీటరు పోసింది.

సగం కొండ ఎక్కేసరికి బండి నీలం పొగ కక్కింది. కాసేపు దగ్గి, ఆగిపోయింది. తండ్రీ కొడుకులు ఆయాసపడుతూ వచ్చారు.

"ఆయిల్ చూసుకోలేదా?" అన్నాడు గ్రాంట్.

"పోశాను కూడా."

"నేనూ పోశానే."

"మీరిద్దరూ లేవకముందే నేను పోశాను," అన్నారు డెస్మండ్ గర్వంగా.

"చదునైన చోట పెట్టి చూడాలి కదా మామయ్యా. ఆయిల్ ఇంత ఎక్కువైతే పొగ రాక ఏమొస్తుంది?"

"ఈ పొలంలో చదునైన చోటు నీ వంటిల్లొక్కటేనమ్మా."

నోలీన్ గడ్డిలో కూలబడింది. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఎండుగడ్డి మధ్య పొగ చూసి ఎదురు కొండ మీది ఆవిడ ఫైరువాళ్లకు ఫోన్ చేసేసింది. ఆ ఊళ్లో ఫైరువాళ్లంటే, సైరన్ మోగితే చేతిలో పని వదిలి పరుగెత్తే మామూలు జనమే. తొమ్మిదింటికి ఫైరింజన్ వచ్చింది. అందులోంచి తొమ్మిది మంది దిగారు. ముందు దిగినవాడు రంగి, పదింటికి రావాల్సిన లారీకి డ్రైవరు.

"మంటెక్కడ?"

"మంటా లేదు, గింటా లేదు. నీ లారీ ఏది రంగీ?" అంది నోలీన్.

"ఫైర్ స్టేషన్ దగ్గర వదిలేసొచ్చా."

"మరి పదింటికి వస్తుందన్నావు?"

"నేనిక్కడుంటే అదెలా వస్తుందమ్మా?" రంగి కొండ మీదికి చూశాడు. "ఎటూ వచ్చాం. ఎన్ని పిల్లలు?"

తొమ్మిది మందీ ఆ బరువైన కోట్లతోనే కొండెక్కి, వరసగా నిలబడి, అరుచుకుంటూ మందనంతా దించారు. క్వాడ్ బైకుతో ఏనాడూ ఇంత త్వరగా దిగలేదు.

రంగి వెళ్లి లారీ తెచ్చేసరికి పదకొండున్నర. లారీ కాగితాల్లో ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో అతను 'అగ్నిప్రమాదం' అని రాసుకున్నాడు.