కంచె మీద చాప

ఆ ఉదయం ఆపిసాయి చేయవలసిన పనులు ఇవి: పెరట్లో కర్రపెండలం మొక్కల మధ్య కలుపు తీయడం, కారుతున్న వెనక కొళాయి బిగించడం, కూతురు లోసెనా చేత బడి లెక్కలు చేయించడం, అమ్మ చాప ఎండలో వేయడం, కంచె దగ్గర సెమేసాతో కబుర్లలో పడకపోవడం. చివరిది పనెలా అవుతుందని ఆపిసాయి అడిగాడు. అన్నింట్లోకీ కష్టమైన పని అదేనని చెప్పి, భార్య ఉనైసీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

మహమ్మారి వచ్చి హోటళ్ళు మూతపడేదాకా ఆపిసాయి యాత్రికుల బస్సు నడిపేవాడు. ఇప్పుడు వాళ్ళుండే నసీను పట్టణంలో ఎవరూ తమ ఆవరణ దాటకూడదు. ఇల్లు ఉనైసీ కుట్టే మాస్కుల మీద నడుస్తోంది. ఆమె ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే అతనికి బరువుగా ఉండేది. చెప్పిన పని చెప్పినట్టు చేసి, ఒక్క రోజైనా ఇంటికి అక్కరకొచ్చాననిపించుకోవాలని అతని ఆశ.

పనుల్లో అతనికి భయం వేసింది చాప విషయంలోనే. అది అతని తల్లి తొరికా అల్లిన ఆఖరి చాప. మొగలాకును దారమంత సన్నగా చీల్చి, అంచుల నిండా రంగు ఊలు కుచ్చులు పెట్టి, మనవరాలి పెళ్ళికని అల్లింది. పెళ్ళికైనా, పోయినవాళ్ళను పడుకోబెట్టడానికైనా మేలైన చాపే పరవడం వాళ్ళ ఆచారం. అది పూర్తయిన ఏడాదే ఆవిడ చూపు మందగించింది. మళ్ళీ ఆకు ముట్టుకోలేదు. ఇప్పుడు పగలంతా ముందు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కళ్ళు చేయని పని కూడా చెవులే చేస్తాయి.

రాత్రి కురిసిన వానకు గడ్డి తడిగా ఉంది. చాప తడవకూడదని ఆపిసాయి దాన్ని జాగ్రత్తగా కంచె మీద పరిచాడు. దుమ్ము దులిపి, కుచ్చులు సరిచేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని, తృప్తిగా కలుపు తీయడానికి పోయాడు.

అక్కడే పొరపాటు జరిగింది. బయటికి పోయే వీలు లేదు కాబట్టి ఆ వాడలో అందరూ తమకు మిగిలినదాన్ని కంచె మీద పెట్టడం మొదలుపెట్టారు. కావలసినవాళ్ళు తీసుకుని, బదులుగా తమ దగ్గర ఉన్నదేదో పెట్టి పోతారు. మునగాకు పెడితే సబ్బు వస్తుంది, సబ్బు పెడితే గుడ్లు వస్తాయి. ఉద్యోగాలు పోయినా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగని రోజు లేదంటే ఆ కంచెల చలవే. ఆపిసాయికి ఈ సంగతి బాగా తెలుసు. ఆ పద్ధతి వాడలో మొదలుపెట్టినవాళ్ళలో అతనూ ఒకడు.

కలుపు తీసి వచ్చేసరికి కంచె మీద చాప లేదు, అరటి గెల ఉంది. ఎండ ముదురుతోందని అమ్మ చాపను లోపల పెట్టించి ఉంటుందనుకున్నాడు. గెల సెమేసా మంచితనం అనుకున్నాడు. కాయలు కోసి, కొబ్బరిపాలలో ఉడికించి, అందరికీ పెట్టి తనూ తిన్నాడు. అందరూ బాగుందన్నారు. తిన్న పళ్ళాలు కడుగుతుండగా వసారాలోంచి తల్లి మాట వినిపించింది.

"ఆపిసాయీ, ఇక చాప తీసెయ్యి నాయనా. ఊలు రంగు వెలిసిపోతుంది."

ఆపిసాయి చేతిలో పళ్ళెం కింద పెట్టాడు. తర్వాత చప్పుడు కాకుండా పెరటి కంచె దగ్గరికి వెళ్ళాడు. ఆ పక్కిల్లు సెమేసాది. తొరికా సొంత అన్న కొడుకు, ఆపిసాయికి వరసైన బావ, ఆ వరస ఇచ్చే ఏ హక్కునూ వదులుకోని మనిషి.

"నీకు మతిపోయిందా బావా," అన్నాడు సెమేసా. "కంచె మీద పరిచింది నువ్వు. గెల పెట్టింది నేను. తిని, బాగుందని తేన్చింది కూడా నువ్వే. ఇక్కడికి వినపడింది."

చాప మాత్రం అతని దగ్గర లేదు. అటుపక్క ఇంటికి ఇచ్చి చేపలు తీసుకున్నాడు. వాళ్ళు ఇంకెవరికిచ్చారో తెలియదు. బస్సే కాదు, చాప కూడా నీ చేతిలో నిలవలేదని బావ వేళాకోళమాడుతుంటే ఆపిసాయి ఓర్చుకున్నాడు. అమ్మ చెవిన పడకుండా ఈ పని అయిపోవాలి. అందుకని గొంతు బాగా తగ్గించి, కబురులో చాప పోయిందన్న మాట రాకుండా బతిమాలాడు.

"కంచెల వెంట కబురు పెట్టు బావా. సాయంత్రంలోగా నాకు మేలైన చాప కావాలి. అమ్మ కోసం. గట్టిగా అనొద్దని చెప్పు."

సెమేసా ఆ మాట అలాగే చెప్పాడు. ఒక్క అక్షరం మార్చలేదు. మారిస్తే బాగుండేది. ఆపిసాయికి మేలైన చాప కావాలట, తల్లి కోసమట, సాయంత్రంలోగానట, గట్టిగా అనొద్దట. అటుపక్క ఇంటివాళ్ళు ఆ మాట విని తల దించుకున్నారు. అంత తొందరగా, అంత గుట్టుగా, పెద్దావిడ కోసం మేలైన చాప కావలసిన సందర్భం ఒక్కటే ఉంటుంది. నాలుగో ఇల్లు దాటేసరికి చాప ఊసు వెనకబడింది. తొరికా పోయిందన్న కబురు మాత్రం వాడంతా చుట్టుకుంటూ, సెమేసా ఇంటికి తప్ప అందరికీ తెలిసి, ఆపిసాయి ఇంటికి రెండోపక్కనున్న కెలెరా దాకా వచ్చింది.

కెలెరా బడిపంతులమ్మ. కంచె దగ్గరికి వచ్చి, కానుక ఇచ్చేటప్పటి ఆనవాయితీగా చేతులు దొప్పల్లా చేసి మెల్లగా మూడుసార్లు చరిచి, ఒక చాప అందించింది. ఆపిసాయి ఆత్రంగా విప్పి చూశాడు. అమ్మది కాదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి కెలెరా కూడా కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంకో చాప వచ్చింది, అదీ కాదు. దాని వెనక పెండలం దుంపలు, చేమదుంపల కట్ట, తాడుతో కట్టిన పందిపిల్ల కంచె మీదుగా దిగాయి. పోయిన చాప కోసం వాడ ఇంత బాధపడుతోందా అని ఆపిసాయి మనసు కరిగిపోయింది.

"పాట ఎప్పుడు ఎత్తుకోమంటావు?" అని కెలెరా గుసగుసగా అడిగింది. "గుమికూడటానికి లేదు కదా. ఎవరి పెరట్లో వాళ్ళం నిలబడి పాడాలనుకున్నాం. అమ్మ బాధపడకుండానే పోయిందా?"

ఆపిసాయికి అప్పుడు అర్థమైంది. నోరు తెరిచాడు. ఈలోగా వాడ చివర ఎవరో ప్రార్థన గీతం ఎత్తుకున్నారు. పక్క పెరడు అందుకుంది, దాని పక్కది అందుకుంది. ఆడవాళ్ళ గొంతుల కింద మగవాళ్ళ గొంతులు మందంగా పరుచుకున్నాయి. నెలల తరబడి చర్చికి పోని గొంతులన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి.

అతను వసారాకు పరుగెత్తాడు. తొరికా కుర్చీలో నిటారుగా కూర్చుని వింటోంది.

"ఎవరు పోయారు నాయనా?"

తల్లికి అబద్ధం చెప్పడం అతని వల్ల కాలేదు. "నువ్వేనమ్మా," అన్నాడు.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

చాప దగ్గర్నుంచి పందిపిల్ల దాకా జరిగిందంతా చెప్పి, ఇప్పుడే వెళ్ళి పాట ఆపిస్తానన్నాడు. తొరికా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పాట మధ్యలో ఆపడం మర్యాద కాదంది. మగవాళ్ళు ఇంత బాగా పాడి ఎన్నాళ్ళయిందోనంది. రెండో చరణంలో తనూ మెల్లగా గొంతు కలిపింది.

గస్తీ తిరిగే పోలీసు జీపు పాట విని వీధిలో ఆగింది. కుర్ర పోలీసు దిగి, గేటు అవతలే నిలబడి టోపీ తీశాడు.

"ఎవరు పోయారమ్మా?"

"నేనే బాబూ," అంది తొరికా. "ఎవరి ఆవరణలో వాళ్ళే ఉన్నారు. తప్పేమీ లేదు కదా?"

అతను కాసేపు ఆలోచించాడు. ఇలాంటిది తనకు చెప్పిన నిబంధనల్లో ఉన్నట్టు లేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పాట అయ్యాక పెరటి కంచె దగ్గర చప్పట్లు వినిపించాయి. తొరికా గోడ పట్టుకుంటూ అక్కడికి నడిచింది. అవతల సెమేసా. కబురు పుట్టించినవాడికి కబురు ఆఖరున అందింది. ఇందాక బావ గట్టిగా అనొద్దన్నది ఇందుకా, తను వేళాకోళమాడానే అని ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. మర్యాద ప్రకారం తల పూర్తిగా దించి, రెండు చేతుల మీద చాప మోస్తూ, వాడ చివరింటి మకెరెటా పంపిన మాట అప్పజెప్పాడు. ఆ మకెరెటా కూడా చాపలు అల్లుతుంది. తొరికా అల్లిక వదులని ఇరవై ఏళ్ళుగా వాడందరికీ చెబుతూ వచ్చిన మనిషి.

"ఇది ఇవాళ చేతులు మారుతూ తన దగ్గరికి వచ్చిందట. ఉంచుకోవాలనే అనుకుందట. కానీ ఆవిడ పడుకోవాల్సింది దీని మీదేనట. ఇలా అల్లే చెయ్యి ఈ వాడలో ఇంక లేదట."

తొరికా చాప అందుకుంది. అంచు వెంట వేళ్ళు పోనిచ్చి, కుచ్చుల దగ్గర ఆగి, అక్కడే చాలాసేపు ఉంచింది.

"మకెరెటా ఏమంది? ఇంకోసారి చెప్పు సెమేసా."

సెమేసా తల ఎత్తాడు. తర్వాత కంచె అవతల నేల మీద కూర్చుండిపోయాడు. "అత్తా," అన్నాడు, "నన్ను తిట్టు. తిడితే గానీ నమ్మలేను."

ఆవిడ తృప్తిగా తిట్టింది. అతను లేచాడు.

ఇచ్చినవి తిరిగి పుచ్చుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. పెరట్లో గుంట తవ్వి, రాళ్ళు కాల్చి, దుంపలూ మాంసమూ ఆకుల్లో చుట్టి, ఆ వేడికి ఉడికేలా పూడ్చారు. చీకటి పడకముందే ప్రతి ఇంటికీ కంచెల మీదుగా వాటా వెళ్ళింది. వడ్డన బాధ్యత ఆపిసాయిది. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరికి ఏది పడదో అతనికి తెలుసు. మకెరెటా వాటాను తొరికా తన చేత్తో చుట్టి, పొద్దుపోతోందన్నా వినకుండా, చుట్టు బిగువుగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కట్టింది.

పాటను కూడా వినపడనివ్వని మిషన్ అప్పటికి ఆగింది. ఉనైసీ బయటికి వచ్చి, వసారాలో చాపల గుట్టనూ, పొగలు కక్కుతున్న గుంటనూ, వాడంతటికీ వండి పెట్టి చెమటతో నిలబడిన భర్తనూ చూసింది. అతను చెప్పిందంతా విని, అతని పక్కన కూర్చుని, ఒక పెండలం ముక్క చేతిలోకి తీసుకుంది. రుచి కుదిరిందంది. కొళాయి సంగతి రేపు చూడొచ్చంది.

తొరికా ఇప్పటికీ ఆ వసారాలోనే, ఆ కుర్చీలోనే ఉంది. తనను తలచుకోదలచినవాళ్ళు దయచేసి ఇప్పుడే, కాస్త గట్టిగా, వసారాలోకి వినపడేలా తలచుకోవలసిందని ఆవిడ మనవి.